కళ్లు తెరిచిన మనిషిలో ఎరుక ఉందా? కొలిచే పద్ధతులు, అవి తప్పే చోట్లు

క్లుప్తంగా: మెలకువ, ఎరుక ఒకటి కావు. ఏం చెప్పినా కదలని రోగుల్లో నాలుగో వంతు మందిలో మెదడు, తమకు చెప్పిన పనిని లోలోపల చేస్తోందని 2024లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. అదే పరీక్ష, చెప్పగానే అందరికీ కనిపించేలా కదిలిన రోగుల్లో సగానికి పైగా మందిని గుర్తించకుండా వదిలేసింది. అందుకే 'ఎరుక ఉంది' అనే ఫలితానికి ఉన్న బరువు 'లేదు' అనే ఫలితానికి ఉండదు. వైద్యం, చట్టం, తత్వశాస్త్రం మూడూ ఇక్కడే తడబడుతున్నాయి.

తలకు పెద్ద దెబ్బ తగిలో, గుండె కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొట్టుకునో ఐసీయూలో వారాలు గడిపిన మనిషి ఒక రోజు కళ్లు తెరుస్తాడు. ఇంటివాళ్ల ప్రాణం లేచొస్తుంది. కానీ పిలిస్తే పలకడు, చూపు ఎక్కడా నిలవదు, చెయ్యి ఎత్తమంటే ఎత్తడు. 'తెలివి వచ్చినట్టేనా డాక్టరు గారూ?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి యాభై ఏళ్లుగా పరీక్షలు తయారవుతూనే ఉన్నాయి. ప్రతి కొత్త పరీక్షా పాత పరీక్ష ఎంతమందిని వదిలేసిందో బయటపెట్టింది.

## వార్తల్లో కలగలిసిపోయే స్థితులు

'కోమాలో ఉన్నాడు', 'బ్రెయిన్ డెడ్ అయ్యాడు', 'జీవచ్ఛవంలా పడి ఉన్నాడు'. ఈ మూడు మాటల్నీ ఒకదాని బదులు ఇంకొకటి వాడేయడం మామూలైపోయింది. నిజానికి వీటి మధ్య దూరం చాలా ఉంది.

బ్రెయిన్ డెత్ అంటే మరణమే. మెదడు కాండం (మెదడు అడుగున ఉండి ఊపిరిని నడిపే బ్రెయిన్ స్టెమ్) పని తిరిగి రాని విధంగా ఆగిపోతుంది. ఛాతీ కదలిక వెంటిలేటర్‌ది తప్ప మనిషిది కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి దీన్ని ధ్రువీకరించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్ డెత్ దాతల నుంచి అవయవాలు తీసుకునేది ఈ ధ్రువీకరణ తర్వాతే. ఎరుక ఉందా లేదా అన్న చర్చ ఇక్కడ లేదు.

కోమాలో మెదడు కాండం బతికే ఉంటుంది, కళ్లు మాత్రం తెరుచుకోవు. నొప్పి కలిగించినా మెలకువ రాదు. ఈ స్థితి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి సాగదు. ఆలోగా మనిషి కోలుకోవచ్చు, చనిపోవచ్చు, లేదా కళ్లు మాత్రమే తెరిచే స్థితికి రావచ్చు. ఈ మూడో స్థితికి 1972లో బ్రయాన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ 'వెజిటేటివ్ స్టేట్' అని పేరు పెట్టారు. మనిషిని మొక్కతో పోల్చినట్టుందన్న అభ్యంతరం రావడంతో 2010 నుంచి 'స్పందన లేని మెలకువ' అనే అర్థం వచ్చే పేరు వాడుకలోకి వచ్చింది. ఈ మార్పు మర్యాద కోసమే జరిగిందనుకుంటే పొరపాటు. పాత పేరు 'లోపల ఎవరూ లేరు' అని తీర్పు చెప్పేది. కొత్త పేరు 'స్పందన కనిపించలేదు' అనే దగ్గర ఆగుతుంది.

దానికి ఒక మెట్టు పైన ఉన్నది 2002లో నిర్వచించిన 'కనీస స్పృహ' స్థితి. ఇందులో ఎరుక ఉన్నట్టు చిన్నవే అయినా నికరమైన గుర్తులు ఉంటాయి, వస్తూ పోతూ ఉంటాయి. పొద్దున అద్దం వెంట చూపు తిప్పిన మనిషి మధ్యాహ్నం తిప్పకపోవచ్చు.

వీటన్నిటికీ పక్కన ఉండేది 'లాక్డ్ ఇన్' స్థితి. మెదడు కాండంలో పాన్స్ అనే చోటి ముందు భాగం దెబ్బతిని ఒళ్లంతా చచ్చుబడుతుంది. ఎరుక మాత్రం పూర్తిగా ఉంటుంది. చాలామందిలో మిగిలేది కళ్లు పైకీ కిందికీ కదపడం, రెప్ప వేయడం. అందుకే స్పందన లేదని రాసే ముందు 'పైకి చూడండి, కిందికి చూడండి' అని విడిగా అడిగి తీరాలి. చేతులూ కాళ్లూ మాత్రమే పరీక్షించి వదిలేస్తే, అన్నీ వింటున్న మనిషి ఎదుటే అతని గురించి 'లేడు' అన్నట్టు మాట్లాడుకోవాల్సి వస్తుంది.

## మెలకువ ఒక చోట, ఎరుక ఇంకో చోట

తెలుగులో 'మెలకువ' వేరు, 'ఎరుక' వేరు. తెలంగాణలో 'సోయి' అనే ఇంకో మాటా ఉంది: కళ్లు తెరిచి నడుస్తున్నవాణ్ని కూడా 'సోయి లేదు' అంటారు. మెదడులోనూ ఈ తేడా అలాగే ఉంది.

మెలకువకు మూలం మెదడు కాండంలో వలలా అల్లుకున్న కణాలు. 1949లో మొరుజ్జి, మాగూన్ పిల్లుల్లో ఈ భాగాన్ని విద్యుత్తుతో తట్టగానే నిద్ర తరంగాలు పోయి మెలకువ తరంగాలు వచ్చాయి. ఎరుకకు ఇది చాలదు. మెదడు నడిమధ్యన ఉండి సమాచారాన్ని పై పొరకు చేరవేసే భాగం థాలమస్. థాలమస్‌కూ మెదడు పై పొర అయిన కార్టెక్స్‌కూ మధ్య, కార్టెక్స్‌లోని దూరపు ప్రాంతాల మధ్య రాకపోకలు సాగాలి.

గుండె ఆగినప్పుడు ముందు దెబ్బతినేది కార్టెక్స్. ఆక్సిజన్ లేకుండా దాని కణాలు కొద్ది నిమిషాలకే చనిపోతాయి. మెదడు కాండం అంతకన్నా మొండిది, కోలుకుంటుంది. ఫలితంగా నిద్ర, మెలకువ, ఊపిరి, ఆవులింత, పళ్లు కొరకడం, మూలుగు అన్నీ తిరిగొస్తాయి. వాటిని అనుభవించే భాగం రాకపోవచ్చు. రోడ్డు ప్రమాదాల్లో తరచూ జరిగేది ఇంకొకటి. తల ఒక్కసారిగా విసురుకుపోవడంతో కణాలను కలిపే పొడవాటి తీగలు తెగుతాయి, కణాలు చాలావరకు బతికే ఉంటాయి. కోలుకునే అవకాశం గుండె ఆగిన వారికన్నా వీరికి ఎక్కువ, పట్టే కాలమూ ఎక్కువే. అందుకే ఈ స్థితిని 'దీర్ఘకాలికం' అనడానికి అమెరికా నాడీ వైద్యుల మార్గదర్శకాలు 2018లో రెండు వేర్వేరు గడువులు పెట్టాయి: తల గాయమైతే 12 నెలలు, ఇతర కారణాలైతే 3 నెలలు. అంతకుముందు వాడిన 'శాశ్వతం' అనే మాటను అవే మార్గదర్శకాలు వదులుకున్నాయి, ఎందుకంటే ఆ గడువు దాటాక కూడా కొందరు మెరుగుపడుతున్నారు.

ఎరుక ఉండీ కదలలేకపోవడానికీ ఒక కారణం దొరికింది. థాలమస్ నుంచి కదలికలను నడిపే కార్టెక్స్‌కు వెళ్లే దారి తెగితే, మనిషి ఆదేశాన్ని వింటాడు, అర్థం చేసుకుంటాడు, చేయాలనీ అనుకుంటాడు. ఆ తలపు చేతిదాకా చేరదు. బయట నిలబడి చూసేవారికి ఇదీ 'స్పందన లేదు' లాగే కనిపిస్తుంది.

## మంచం పక్కన: ఒక అద్దం, నాలుగు అవకాశాలు

ప్రతి అత్యవసర విభాగంలోనూ వాడేది 1974 నాటి గ్లాస్గో కోమా స్కేలు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అన్నింటికన్నా తక్కువ 3. ప్రమాదం జరిగిన తొలి గంటల్లో రోగి మెరుగవుతున్నాడా దిగజారుతున్నాడా చూడటానికి ఇది గొప్ప సాధనం. ఎరుక తేల్చడానికి దీన్ని తయారు చేయలేదు. గొంతులో గొట్టం ఉన్నవారికి మాట మార్కే వేయలేరు, ఆ చోట 'టి' అని రాస్తారు. చూపు దేనినైనా వెంబడిస్తోందా అనే ప్రశ్న ఇందులో అసలు లేదు. కోమా నుంచి తేరుకునేటప్పుడు తరచూ ముందుగా కనిపించే గుర్తు అదే.

ఆ లోటు తీర్చడానికి జోసెఫ్ జియాసినో బృందం 2004లో సవరించి ఇచ్చిన 'కోమా రికవరీ స్కేల్-రివైజ్డ్' అనే కొలమానం, పొట్టిగా సీఆర్‌ఎస్-ఆర్. వినికిడి, చూపు, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ అనే ఆరు భాగాలు, 23 మార్కులు. చేయడానికి సుమారు అరగంట పడుతుంది. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు.

చూపు వెంబడింపును పరీక్షించే తీరు చూస్తే దీని పట్టింపు అర్థమవుతుంది. చేతి అద్దాన్ని రోగి ముఖానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో, నేరుగా ఎదుట పట్టుకోవాలి. చూడమని చెప్పాలి. అద్దాన్ని మెల్లగా కుడికి 45 డిగ్రీలు, ఎడమకు 45 డిగ్రీలు, తర్వాత పైకీ కిందికీ అంతే తిప్పాలి. మొత్తం మళ్లీ ఒకసారి చేయాలి. ఏ దిక్కుకైనా రెండుసార్లు, మధ్యలో చూపు జారకుండా 45 డిగ్రీలూ వెంబడిస్తేనే మార్కు. అద్దమే ఎందుకంటే, పెన్నునో వేలినో వెంబడించని కొందరు రోగులు తమ ముఖాన్ని వెంబడిస్తారు. 2008లో బెల్జియంలోని లీజ్ బృందం దీన్ని పోల్చి చూపింది. పెన్ను, వేలు మాత్రమే వాడిన చోట ఈ రోగులు లెక్కలోకి రాకుండా పోతారు. శబ్దానికి బదులు సొంత పేరుతో పిలిచినప్పుడు తల తిప్పేవారు ఎక్కువన్నది కూడా ఇలాంటిదే. అన్నీ మసకబారిన చోట చివరిదాకా తట్టి లేపగలిగేవి మనిషి తన ముఖం, తన పేరు అన్నమాట.

ఆదేశం విషయంలోనూ అంతే కచ్చితం. ఒక్కో ఆదేశాన్ని నాలుగేసిసార్లు ఇవ్వాలి. నాలుగులో మూడుసార్లు చేస్తే ఒక మార్కు స్థాయి, రెండు వేర్వేరు ఆదేశాలను నాలుగుకు నాలుగుసార్లూ చేస్తే దాని పై స్థాయి. 'చెయ్యి నొక్కాడు' అన్న ఒక్క సంఘటన చాలదు, ఎందుకంటే అరచేతిలో ఏదైనా పెడితే దానంతటదే మూసుకునే ప్రతిక్రియ ఉంది. అందుకే 'నొక్కు' అన్నంత శ్రద్ధగా 'వదులు' అనీ అడగాలి.

ఈ పద్ధతి ఎంత తేడా తెస్తుందో 2009లో తేలింది. వైద్య బృందం అంతా కలిసి 'వెజిటేటివ్' అని నిర్ణయించిన 44 మందిని సీఆర్‌ఎస్-ఆర్‌తో పరీక్షిస్తే, 18 మందిలో, అంటే 41 శాతంలో, కనీస స్పృహ గుర్తులు దొరికాయి. ఆ వైద్యులకు పని రాక కాదు. ఈ స్పృహ వస్తూ పోతూ ఉంటుంది, రౌండ్లకు వచ్చిన ఐదు నిమిషాల్లో అది పడుకుని ఉండొచ్చు. రెండు వారాల్లోపు కనీసం ఐదుసార్లు పరీక్షించాలని 2017లో వచ్చిన సిఫారసుకు కారణం ఇదే.

పరీక్ష చెడిపోయే మార్గాలు కూడా చాలావరకు మామూలువే. మత్తు మందులు పూర్తిగా దిగకపోవడం, సోడియం తగ్గడం, జ్వరం, బయటికి కనిపించని మూర్ఛ, మెదడులో నీరు చేరడం. గాయం వల్ల వినికిడి పోయి ఉండటం. భాషా కేంద్రం దెబ్బతిని మాట అర్థం కాకపోవడం. ఐసీయూలో చాలా రోజులుండి నరాలూ కండరాలూ చచ్చుబడటం. మంచం మీద పడుకోబెట్టి చేసిన పరీక్షకూ కూర్చోబెట్టి చేసిన పరీక్షకూ తేడా ఉంటుంది. పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: ఆదేశం ఇచ్చిన భాష. శ్రీకాకుళం పల్లెలోనో ఆదిలాబాద్ గూడెంలోనో పుట్టి పెరిగిన మనిషికి ఇంగ్లిషులోనో హిందీలోనో ఇచ్చిన ఆదేశానికి స్పందన రాకపోతే, ఆ ఫలితానికి విలువ లేదు. ఆ మనిషి ఇంట్లో మాట్లాడే మాటతో, వీలైతే ఇంటివాళ్ల గొంతుతో అడిగితేనే అది పరీక్ష అవుతుంది.

## 'టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించండి'

2006లో కేంబ్రిడ్జిలో ఆడ్రియన్ ఓవెన్ బృందం దారి మార్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడి, వెజిటేటివ్ స్థితిలో ఉందని నిర్ధారించిన 23 ఏళ్ల యువతిని ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో రక్త ప్రవాహాన్ని బట్టి చూపే స్కానరు) ఉంచి రెండు పనులు ఊహించమన్నారు: టెన్నిస్ ఆడటం, తన ఇంట్లో గది గదికీ తిరగడం. టెన్నిస్ అనగానే కదలికలను సిద్ధం చేసే ప్రాంతం, ఇల్లు అనగానే దారులూ చోట్లూ గుర్తుపెట్టుకునే ప్రాంతం వెలిగాయి, ఆరోగ్యవంతుల్లో వెలిగినట్టే.

'టెన్నిస్' అనే మాట చెవిన పడగానే మెదడు దానంతటదే స్పందించి ఉండొచ్చు కదా అన్నది వెంటనే వచ్చిన అభ్యంతరం. దానికి జవాబు సమయంలో ఉంది. మాట విన్న స్పందన కొద్ది సెకన్లలో చల్లారుతుంది. ఇక్కడ 30 సెకన్ల పాటు, 'ఇక విశ్రాంతి తీసుకోండి' అనేదాకా నిలిచింది, మళ్లీ చెప్పగానే మళ్లీ మొదలైంది. అలా పట్టి ఉంచాలంటే ఆదేశాన్ని మనసులో నిలుపుకోవాలి.

2010లో కేంబ్రిడ్జి, లీజ్ బృందాలు 54 మందిని ఇలా పరీక్షిస్తే ఐదుగురిలో స్పందన దొరికింది. వారిలో ఒకరితో ఏకంగా సంభాషణ జరిగింది: అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు. ఆరు ప్రశ్నల్లో ఐదింటికి సరైన జవాబు వచ్చింది. మంచం పక్కన ఆ మనిషితో ఏ రకమైన సంభాషణా సాధ్యం కాలేదు.

ఎఫ్‌ఎంఆర్‌ఐ ఖరీదైనది. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని అక్కడికి తీసుకెళ్లడం కష్టం. తలలో లోహపు క్లిప్పు ఉంటే కుదరకపోవచ్చు. అందుకే తల మీద ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ వైపు మళ్లారు. 2019లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం ఐసీయూలోనే, గాయమైన తొలి రోజుల్లోనే, 104 మందిని పరీక్షించింది. 'కుడి చెయ్యి తెరుస్తూ మూస్తూ ఉండండి', 'ఇక ఆపండి' అని పదేపదే వినిపించి, రెండింటి మధ్య మెదడు తరంగాల తేడాను కంప్యూటరు పట్టుకోగలదా చూశారు. 16 మందిలో పట్టుకుంది. ఏడాది తర్వాత ఆ 16 మందిలో ఏడుగురు, అంటే 44 శాతం, పగటిపూట కనీసం 8 గంటలు తమంతట తాము ఉండగలిగే స్థాయికి చేరారు. స్పందన దొరకని వారిలో ఆ స్థాయికి చేరింది 14 శాతమే.

2024 ఆగస్టులో వచ్చిన అధ్యయనం ఇప్పటిదాకా ఇలాంటి వాటిలో పెద్దది. ఆరు కేంద్రాల్లో 353 మంది. మంచం పక్కన ఏ ఆదేశానికీ కదలని 241 మందిలో 60 మంది ఎఫ్‌ఎంఆర్‌ఐలోనో ఈఈజీలోనో ఆదేశాన్ని పాటించారు. 25 శాతం.

## ఆ 25 శాతాన్ని చదవాల్సిన తీరు

వార్తల్లో ఈ అంకె ఒక్కటే వచ్చింది. దాని పక్కనున్న ఇంకో అంకె ముఖ్యమైనది. అదే అధ్యయనంలో, మంచం పక్కన ఆదేశాలకు పైకి కనిపించేలా స్పందించిన 112 మంది కూడా ఉన్నారు. ఎరుక ఉందనడానికి వీరి విషయంలో ఏ సందేహమూ లేదు. వారిలో ఈ పరీక్ష పట్టుకున్నది 43 మందినే, అంటే 38 శాతం. ఎరుక ఉందని కళ్లముందే తెలుస్తున్నవారిలో 69 మందిని యంత్రం వదిలేసింది.

ఇందుకు కారణాలు ఊహించలేనివేమీ కావు. అరనిమిషం పాటు ఒకే పనిని ఊహిస్తూ, ఆపి, మళ్లీ మొదలుపెట్టి, అలా కొన్ని నిమిషాలు సాగించడం దెబ్బతిన్న మెదడుకు మోయలేని బరువు. మధ్యలో నిద్ర పట్టేయొచ్చు. ఆరోగ్యవంతులే అందరూ నెగ్గరు: 2011లో ఇలాంటి ఈఈజీ పరీక్షను 12 మంది ఆరోగ్యవంతుల మీద చేస్తే తొమ్మిది మందిలోనే ఫలితం వచ్చింది. తల కదిలితే బొమ్మ చెడుతుంది, కండరాలు బిగుసుకుంటే ఈఈజీలో వాటి శబ్దమే నిండుతుంది. ఆ 2011 అధ్యయనం రోగుల్లో 16కు ముగ్గురిలో ఎరుక ఉందంటే, మరో బృందం అదే దత్తాంశాన్ని తిరిగి లెక్కగట్టి ఆ ముగ్గురి ఫలితమూ నిలవదని వాదించింది. అంటే పొరపాటు రెండువైపులా జరగొచ్చు. అయితే రెండింటి బరువూ ఒకటి కాదు. ఫలితం 'ఉంది' అని వచ్చి, లెక్క గట్టిగా ఉంటే దాన్ని నమ్మవచ్చు. 'లేదు' అని వస్తే మాత్రం, ఈ పరీక్షకు ఈ రోజు దొరకలేదు అన్నంత వరకే దాని అర్థం. కుటుంబానికి చెప్పేటప్పుడు ఈ రెండో వాక్యాన్ని మింగేయడం పెద్ద తప్పు.

## అడగకుండా కొలవడం

ఈ చిక్కుకు మూలం ఒకటే: ప్రతి పరీక్షా రోగిని ఏదో ఒకటి చేయమంటోంది. వినలేని, భాష పోయిన, ఓపిక లేని మనిషి ఏం చేయగలడు? మార్సెల్లో మస్సిమిని బృందం మిలన్‌లో దీనికి వేరే దారి పట్టింది. తల మీద కాయిల్ పెట్టి, అయస్కాంత తాడనంతో కార్టెక్స్‌ను ఒక్కచోట తడతారు. ఆ అల ఎలా పాకిందో 60 దాకా ఎలక్ట్రోడ్లున్న ఈఈజీ టోపీ నమోదు చేస్తుంది. కాయిల్ 'టక్' మనే చప్పుడే మెదడును కదిలించి లెక్క చెడగొట్టకుండా చెవుల్లో హోరు వినిపిస్తారు. వందల తాడనాల సగటు తీసి, స్పందనను సున్నాలూ ఒకట్లుగా మార్చి, కంప్యూటరులో ఫైలును జిప్ చేసినట్టు కుదిస్తారు. ఎంత తక్కువ కుదిరితే అంత సంక్లిష్టం. 2013లో ప్రకటించిన ఈ కొలతకు పీసీఐ (తట్టినప్పుడు వచ్చే స్పందన ఎంత సంక్లిష్టమో చెప్పే సూచిక) అని పేరు, సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది.

రచ్చబండ దగ్గర ఒక మాట పుట్టించామనుకుందాం. అందరూ ఒకే నినాదం అందుకుంటే ఆ హోరును ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. ఎవరికి వారు మూలన కూర్చుంటే మాట పుట్టిన చోటే చచ్చిపోతుంది. ఒకరి మాటకు ఇంకొకరు, వారికి మరొకరు వేర్వేరుగా స్పందిస్తూ పోతే మాత్రం జరిగినదాన్ని కుదించి చెప్పలేం. కలల్లేని గాఢనిద్రలో, ప్రొపోఫోల్ మత్తులో మెదడు మొదటి రెండు తీరుల్లో ఉంటుంది. మెలకువలోనూ కలలోనూ మూడో తీరు కనిపిస్తుంది.

2016లో 150 మంది మీద ఈ కొలతను సరిచూసి 0.31 అనే గీత గీశారు. ఎరుక ఉన్న స్థితులన్నీ దానికి పైన, లేదని చెప్పినవన్నీ కింద పడ్డాయి. ఆ గీతతో చూస్తే కనీస స్పృహలో ఉన్న 38 మందిలో 36 మంది పైనే ఉన్నారు. ఆదేశం పరీక్షకు దొరికిన 38 శాతం పక్కన ఈ అంకె పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వెజిటేటివ్ అని రాసిన 43 మందిలోనూ తొమ్మిది మంది గీతకు పైన తేలారు. కెటమైన్ ఉదాహరణ ఇంకా స్పష్టం. ఆ మత్తులో మనిషి పిలిస్తే పలకడు, పీసీఐ మాత్రం మెలకువ స్థాయిలోనే ఉంటుంది. లేచాక పొడవైన, స్పష్టమైన కలలు చెబుతాడు. స్పందన సున్నా అయిన చోట అనుభవం నిండుగా ఉండొచ్చని దీనికన్నా సూటిగా చెప్పే ప్రయోగం లేదు. దీని పరిమితి అందుబాటే. పరికరం, నైపుణ్యం ఉన్న కేంద్రాలు ప్రపంచంలోనే కొన్ని.

## ఆపరేషన్ బల్ల మీద అదే ప్రశ్న

మత్తు వైద్యంలో 1977 నుంచి ఒక చిన్న ఉపాయం ఉంది. కండరాలను సడలించే మందు ఇచ్చే ముందే ఒక ముంజేతికి బీపీ పట్టీ బిగించి గాలి నింపుతారు. మందు ఆ చేతికి చేరదు. ఒళ్లంతా కదలలేని స్థితిలోనూ ఆ చెయ్యి కదలగలదు. 'నా మాట వినిపిస్తే చెయ్యి నొక్కండి' అంటారు. ఈ పద్ధతితో 2017లో 260 మంది మీద జరిగిన అధ్యయనంలో 4.6 శాతం మంది నొక్కారు. ఇలా నొక్కినవారిలో ఎక్కువమందికి లేచాక ఏమీ గుర్తుండదు.

తర్వాత అడిగి తెలుసుకునే అంకెలు చూడండి. బ్రిటన్, ఐర్లండ్‌లలో రోగులు తమంతట తాము చెప్పినవాటిని 2014లో లెక్కిస్తే, ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చిన జ్ఞాపకం సుమారు 19,000 మందిలో ఒకరికి. నిర్ణీత ప్రశ్నావళితో ప్రతి ఒక్కరినీ అడిగిన అధ్యయనాల్లో వెయ్యిలో ఒకరిద్దరికి. చెయ్యి నొక్కమంటే వందలో నలుగురైదుగురికి. ఎవరు, ఎప్పుడు, ఎలా అడిగారన్నదాన్ని బట్టి జవాబు వందల రెట్లు మారిపోయింది. అప్పటి అనుభవం ఒకటి, తర్వాతి జ్ఞాపకం ఇంకొకటి, పైకి చెప్పడం మరొకటి. మూడింటినీ ఒకే పేరుతో పిలవడమే ఈ గందరగోళానికి మూలం.

## గాఢనిద్రలో 'నేను' ఉన్నానా?

ఈ వాదం మన దర్శనాల్లో చాలా పాతది, చాలా పదునైనది. మెలకువ, కల, గాఢనిద్ర, వాటికి ఆధారమైన తురీయం అని మాండూక్యోపనిషత్తు నాలుగు విభాగాలు చేసింది. తగువు మూడోదాని మీద. లేచినవాడు 'సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు' అంటాడు. ఆ 'ఏమీ తెలియలేదు' అన్నది అతనికి ఎలా తెలిసింది?

అది జ్ఞాపకం అంటారు అద్వైతులు. అనుభవించనిదాన్ని గుర్తు చేసుకోలేం. కాబట్టి నిద్రలో ఏమీ తెలియకపోవడాన్ని చూసిన సాక్షి ఒకటి ఉండే ఉండాలి. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఒప్పుకోరు. అది ఊహ మాత్రమే అంటారు: ఒళ్లు తేలికపడింది, పొద్దెక్కింది, నడుమ జరిగింది గుర్తులేదు, కాబట్టి అప్పుడు ఏమీ తెలియలేదని లేచాక తర్కంతో తేల్చుకుంటున్నాడు. వారి లెక్కలో తెలివి ఆత్మకు మనసుతో కలయిక వల్ల కలిగే గుణం, గాఢనిద్రలో ఆ కలయిక లేదు. రామానుజుల మతంలో గాఢనిద్రలోనూ 'నేను' వెలుగుతూనే ఉంటుంది, విషయాలు మాత్రమే ఉండవు.

ఈ వాదాలు ప్రయోగశాల ఫలితాలను ముందే చెప్పాయనడం సరికాదు, అలా చెప్పే వ్యాసాలు చాలా తిరుగుతున్నాయి. కానీ ప్రశ్నను విడదీసిన తీరు మాత్రం నేటికీ పనికొస్తుంది. 2017లో ఫ్రాన్సెస్కా సిక్లారి, జూలియో టొనోని బృందం నిద్రపోతున్నవారిని పదేపదే లేపి 'లేపకముందు మీ మనసులో ఏముంది?' అని అడిగింది. జవాబులు మూడు రకాలు: 'అనుభవం ఉంది, ఇదీ విషయం'; 'ఏమీ లేదు'; 'ఏదో అనుభవం ఉంది, ఏమిటో గుర్తులేదు'. ఆ మూడో జవాబు అద్వైతులకూ నైయాయికులకూ మధ్య సరిగ్గా ఆ గట్టు మీద కూర్చుంటుంది. అనుభవం ఉందన్నవారికీ లేదన్నవారికీ తేడా ముఖ్యంగా కార్టెక్స్ వెనుక భాగంలో కనిపించింది.

ఎరుకకు మూలం ఆ వెనుక భాగమా, లేక సమాచారాన్ని మెదడంతా చాటే ముందు భాగమా అన్నది ఇంకా తెగలేదు. రెండు ప్రధాన సిద్ధాంతాల వారు ముందే అంచనాలు రాసిచ్చి, 256 మంది మీద కలిసి చేయించిన ప్రయోగం 2025లో వెలువడింది. వెనుక భాగంలో ఆద్యంతం నిలవాల్సిన సమన్వయం ఒక సిద్ధాంతానికి దొరకలేదు. దృశ్యం మాయమయ్యే క్షణంలో ముందు భాగం మళ్లీ భగ్గుమనాలన్న అంచనా రెండో దానికి చాలావరకు తప్పింది. ఒప్పుకున్న సిద్ధాంతం లేకపోయినా మంచం మీద ఉన్న మనిషి గురించి ఈ రోజే నిర్ణయం తీసుకోక తప్పదు.

## ఇక్కడ మారాల్సినవి

చికిత్సలో ఆశ కొంత ఉంది. తల గాయమైన 4 నుంచి 16 వారాల మధ్య ఉన్న 184 మంది మీద 2012లో జరిగిన పరీక్షలో అమాంటడీన్ ఇచ్చినవారు, మందు తీసుకున్న నాలుగు వారాల్లో, ఇవ్వనివారికన్నా వేగంగా తేరుకున్నారు. ఆపిన తర్వాత ఆ వేగం తగ్గింది. ఇది అద్భుతం కాదు. కానీ 'చేసేదేమీ లేదు' అనడానికీ వీల్లేదు.

చట్టం విషయంలో, దశాబ్దాలు వెజిటేటివ్ స్థితిలో ఉన్న ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో వచ్చిన తీర్పుతో మొదలై 2018 మార్చి 9 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో చికిత్స ఉపసంహరణకు దారి ఏర్పడింది. 2023 జనవరిలో ఆ దారిని సుప్రీంకోర్టు సులభం చేసింది: ఆసుపత్రిలో ప్రాథమిక బోర్డు, దాని మీద రెండో బోర్డు, సంబంధిత రంగంలో కనీసం ఐదేళ్ల అనుభవమున్న వైద్యులు, వీలైనంత వరకు 48 గంటల్లో అభిప్రాయం. అలాంటి బోర్డు ముందుకు ఒక్కసారి చూసి రాసిన 'స్పందన లేదు' అనే కాగితం రావడానికీ, వేర్వేరు వేళల్లో ఐదుసార్లు, రోగి భాషలో, మత్తు దిగాక చేసిన సీఆర్‌ఎస్-ఆర్ రావడానికీ మధ్య ఒక జీవితమంత తేడా ఉంది. దీనికి ఎఫ్‌ఎంఆర్‌ఐ అక్కర్లేదు. చేతి అద్దం, అరగంట తీరిక, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే జిల్లా ఆసుపత్రిలోనూ చేయవచ్చు.

ఇంటికి తెచ్చుకున్నవారి విషయంలో రోజంతా దగ్గరుండేది కుటుంబమే కాబట్టి, అప్పుడప్పుడూ వచ్చే స్పృహను ముందు చూసేదీ వారే. కన్నీరు, ఆవులింత, పెదవి విరుపు, ఉలికిపాటు ఎరుక లేకున్నా రాగలవు. వాటిని చూసి నిశ్చయానికి రాకూడదు. వెతకాల్సింది పొంతన: మనిషి గదిలో నడుస్తుంటే చూపు వెంట వస్తోందా, 'రెప్ప మూసి తెరువు' అన్న నాలుగుసార్లలో మూడుసార్లు పది సెకన్లలోపు చేస్తున్నాడా, ఏమీ అడగనప్పుడూ అదే కదలిక వస్తోందా. తల ఎత్తి కూర్చోబెట్టి, టీవీ ఆపి, ఒక్కరే మాట్లాడుతూ, రోజుకు రెండు వేర్వేరు వేళల్లో చూసి తేదీ, సమయం, ఎన్నిటికి ఎన్ని అని నోటుబుక్కులో రాయాలి. కుదిరితే ఫోనులో వీడియో తీయాలి, ఆదేశమిచ్చే గొంతు కూడా వినిపించేలా. తర్వాతిసారి నాడీ వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకాన్నీ వీడియోనూ ముందు పెట్టి, సీఆర్‌ఎస్-ఆర్ ఎన్నిసార్లు, ఏ భాషలో చేశారని అడగవచ్చు.